ఫైర్ ట్రక్కు, ఒక నల్ల గోళీ

మా ఊళ్ళో ఇల్లు అంటుకోవాలంటే మగాళ్ళు ఆఫీసుల నుంచి వచ్చాకే అంటుకోవాలి అని నవ్వుకునేవాళ్ళు. నవ్వులాటే కానీ అబద్ధం కాదు. డెట్రాయిట్ పక్కన, మొక్కజొన్న చేలు కొట్టేసి వరసగా ఇళ్ళు కట్టిన పేట మాది. డెబ్బైల చివర్లో మేం ఇల్లు కొనుక్కునేనాటికి ఇంకా అక్కడక్కడా చేలు మిగిలి ఉన్నాయి. మంటలార్పడానికి జీతగాళ్ళు లేరు, ఊరివాళ్ళే. పూర్వం ఎవరి గడ్డివామో అంటుకుంటే చుట్టుపక్కల రైతులు చేతిపంపు బండి లాక్కుంటూ పరుగెత్తేవారట. వాళ్ళే ఓ కంపెనీగా ఏర్పడి, పోనుపోనూ ఒక షెడ్డు, షెడ్డు మీద సైరన్, లోపల ఓ ఎర్ర ట్రక్కు సంపాదించారు. కంపెనీ అంటే లాభాలొచ్చే కంపెనీ అనుకునేరు! ఆదివారాలు పాన్‌కేకులు అమ్మి ట్రక్కులోకి పెట్రోలు కొట్టించుకునే కంపెనీ.

చేలు పోయి ఇళ్ళొచ్చాక చిక్కొచ్చిపడింది. పొద్దున్నే మగాళ్ళంతా కార్ల ఫ్యాక్టరీలకీ ఆఫీసులకీ పోయేవాళ్ళు. పట్టపగలు సైరన్ మోగితే వచ్చే దిక్కు ట్రక్కు డ్రైవరు ఒక్కడే. వ్యవసాయం మానేసి షెడ్డు పక్కనే ఉంటున్న ముసలాయన. పెద్దాయన అనేదాన్ని నేను.

మా ఆయన కార్ల కంపెనీలో బ్రేకుల ఇంజనీరు. ఎదురింటాయన పిలిస్తే ఫైర్ కంపెనీలో చేరారు. పగలు ఇళ్ళల్లో ఉండే ఆడవాళ్ళని తీసుకుందామని మీటింగులో ఎవరో అన్నారని ఓ రాత్రి అన్నం తింటూ నవ్వుతూ చెప్పారు. నేను నవ్వలేదు. నేనూ చేరతానన్నాను.

"తాలింపు చిటపటలాడితేనే వెనక్కి గెంతుతావు, నువ్వేం మంటలార్పుతావోయ్?"

"తాలింపుకి హెల్మెట్ ఇవ్వరు కదండీ."

అలా చేరాను. నాతోపాటు వీధిలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు చేరారు. చీర కట్టుకుని గొట్టం ఎలా లాగుతావని ఒకావిడ నిజంగానే బెంగపడింది. ప్యాంటు వేసుకొస్తానమ్మా, నీకెందుకు బెంగ అన్నాను. గొట్టం మడవడం, నిచ్చెన మోయడం, పంపు తిప్పడం అన్నీ నేర్చుకున్నాం. నాకు మాత్రం కన్నంతా ట్రక్కు స్టీరింగు మీదే.

ఆ ట్రక్కు ఎంత పాతదంటే, మామూలుగా క్లచ్ తొక్కి గేరు మారుస్తే పళ్ళు కొరికినట్టు గరగరమని అరిచేది. క్లచ్ తొక్కి న్యూట్రల్‌లోకి తేవాలి, వదలాలి, మళ్ళీ తొక్కి అప్పుడు గేరు వెయ్యాలి. ఊళ్ళో కుర్రాళ్ళందరూ ఆటోమేటిక్ కార్లలో పెరిగినవాళ్ళు, ఒక్కడికీ పట్టుబడలేదు. నాకా, అదో వింతే కాదు. అనకాపల్లిలో మా నాన్నకి బెల్లం తోలే లారీలుండేవి, వాటి గేర్లూ ఇంతే. మా అమ్మ అటు తిరిగితే చాలు, దొడ్లో లారీ ఎక్కి ముందుకీ వెనక్కీ తోలేదాన్ని. "మగరాయుడిలా తయారైంది, దీన్నెవడు చేసుకుంటాడు" అని మా అమ్మ నెత్తీ నోరూ కొట్టుకునేది. నేను మొదటిసారి షెడ్డు ముందు ఆ ట్రక్కుని చప్పుడు లేకుండా రెండో గేరులోకి మార్చగానే పెద్దాయన టోపీ తీసి తల గోక్కున్నారు. ఆ తరవాత నెలల తరబడి దగ్గర కూర్చుని నేర్పారు. బెల్లం లోడు కదలదు, నీళ్ళ లోడు మలుపులో బండినే తోసేస్తుందని చెప్పింది ఆయనే.

డ్రైవరు కావాలంటే సభ్యులంతా ఒప్పుకోవాలి. దానికి వాళ్ళకో పాత పద్ధతి ఉంది. చెక్కపెట్టెకి ఓ కన్నం. తలా ఒక తెల్ల గోళీ, ఒక నల్ల గోళీ ఇస్తారు. ఒప్పుకునేవాళ్ళు తెల్లది, కాదనేవాళ్ళు నల్లది గుప్పిట్లో దాచి పెట్టెలో వేస్తారు. ఒక్క నల్లది పడినా ఆ ఏటికి అంతే సంగతులు. ఆ పెట్టె తిరిగొచ్చేదాకా దాని మీంచి చూపు తిప్పలేదు. నాన్న లారీ దొడ్డి దాటనివ్వలేదు. ఇదైనా రోడ్డెక్కుతుందా అని నా ఆశ.

పెట్టె తెరిచారు. తెల్లటి గోళీల మధ్య ఒక్క నల్లది.

నా ఒళ్ళు మండిపోయింది. ఎవరు వేసి ఉంటారో ఆలోచించాల్సిన పనేముంది? నేను ఎక్కితే దిగాల్సింది పెద్దాయనే కదా! నేర్పినట్టే నేర్పి వెనక నుంచి దెబ్బ కొట్టాడని తిట్టుకున్నాను. ఆయన కనిపిస్తే మొహం తిప్పేసుకునేదాన్ని. అందరికీ కాఫీ పోసి ఆయన కప్పు దగ్గరికొచ్చేసరికి ఫ్లాస్కు మూత పెట్టేసేదాన్ని. మా ఆయన చూసి, "పాపం ముసలాయన, పొయ్యవోయ్" అనేవారు. మీకంత జాలిగా ఉంటే మీరే పోసుకోండి అనేదాన్ని.

ఆ చలికాలం ఓ మధ్యాహ్నం సైరన్ మోగింది. ఊరి చివర మెరక మీద ఓ ఇంటి గ్యారేజీ అంటుకుంది, గాలి ఇంటివైపు కొడుతోంది. ట్రక్కు తీసింది పెద్దాయన. నేను పక్క సీట్లో. నాతో చేరిన ఆడవాళ్ళిద్దరూ కార్లో వెనకే వస్తున్నారు. మెరక సగం ఎక్కామో లేదో, ఆయన ఎడమ మోకాలు పట్టేసింది. క్లచ్ అందలేదు, గేరు పడలేదు, బండి నిలబడిపోయింది. పైన నల్లటి పొగ. ఆయన హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, తలుపు తీసుకుని మంచులోకి దిగిపోయారు. "ఇటు జరుగు, నడుపు. నేను అటువైపు ఎక్కి సైరన్ కొడతాను" అన్నారు.

ఓటూ గీటూ ఎవరికి గుర్తుంది! జరిగాను. మెరక మీద నీళ్ళ లోడుతో ఆగిన బండిని వెనక్కి జారకుండా కదిలించడానికి తల ప్రాణం తోకకొచ్చింది, కానీ కదిలింది. పైకెళ్ళాక ఆపబోతే మాత్రం ఆగదే! బ్రేకు మీద నిలబడినంత పని చేశాను. మంచు మీద జర్రున జారుకుంటూ వెళ్ళి ఆ ఇంటి ముందు ఉత్తరాల డబ్బాని పడగొట్టి ఆగింది. గ్యారేజీ పోయింది, ఇల్లు దక్కింది. ఆ ఇంటావిడ నన్ను కావలించుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. సంతోషంతోనే, ఏం దాచుకోను.

సాయంత్రం మా ఆయనకి ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పాను. మెచ్చుకుంటారని చూస్తుంటే, "బ్రేకు తొక్కాక ఎంత దూరం జారింది?" అని అడిగారు. అదొక్కటే! నాకెంత కోపమొచ్చిందంటే, చారు గిన్నె ఠపీమని పెట్టి లేచిపోయాను. ఆ తరవాత శనివారాలన్నీ ఆయన షెడ్డులోనే. చలిలో ట్రక్కు కింద దూరి వెల్లకిలా పడుకునేవారు. బూట్లు తప్ప మనిషి కనపడేవారు కాదు. ఇంజనీరుకి ఇనుప సామాను దొరికితే భోజనం కూడా అక్కర్లేదు కాబోలనుకున్నాను.

మంచు కరిగాక మళ్ళీ పెట్టె తిప్పారు. అన్నీ తెల్లవే! చప్పట్లతో షెడ్డు మోగిపోయింది. ఆ ఊపులో నేను పెద్దమనసు చేసుకుని పెద్దాయన దగ్గరికెళ్ళి, కప్పు నిండా కాఫీ పోసి, "పోయినసారి మీరు నల్లది వేశారని నాకిప్పుడేం కోపం లేదు" అన్నాను.

ఆయన దగ్గొచ్చేదాకా నవ్వారు. "నేనా? రెండుసార్లూ తెల్లదే వేశానమ్మా. ఈ మోకాలితో ఎప్పుడు దిగుదామా అని నేను చూస్తుంటే! కాఫీ ఎందుకు మానేశావో ఇప్పుడు తెలిసింది." నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

బయట కార్లో కూర్చున్నాం. మా ఆయన తాళం పెట్టారు కానీ స్టార్ట్ చెయ్యలేదు.

"ఆయన కాకపోతే ఇంకెవరంటారు?" అన్నాను.

"నేను."

నేను ఆయన వైపు తిరిగి కూర్చున్నాను.

"నేర్చుకుంటానంటే సరదా అనుకున్నాను. పెట్టె నా చేతికి వచ్చేసరికి ఆ బ్రేకులే గుర్తొచ్చాయి. మంచు మీద ఆ బండి ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు. వద్దంటే నువ్వు వినవు. అందుకని వేసేశాను. ఇప్పుడు నాలుగు చక్రాల బ్రేకులూ మార్చేశాను, బాగా ఆగుతుంది."

ఏడాది పొడుగునా ముసలాయనకి కాఫీ ఎగ్గొట్టించిన మనిషి! తిట్టాలో ఏడవాలో తెలియలేదు. కోపం నషాళానికంటింది, దాంతోపాటే ఆ చలిలో ట్రక్కు కిందనుంచి కనిపించిన బూట్లు గుర్తొచ్చాయి.

"దిగండి" అన్నాను. "ఇటొచ్చి కూర్చోండి. నేను నడుపుతాను."

దిగి, చుట్టూ తిరిగొచ్చి పక్కన కూర్చున్నారు. బండి ఇంటివైపు తిప్పాను. ప్రతి మలుపులోనూ ఆయన కుడికాలు మాత్రం, అక్కడ లేని బ్రేకుని, గట్టిగా తొక్కుతూనే ఉంది.