రూతమ్మ టీచరు రాకెట్లు

పోయిన నెలలో భవానీపురంలోని మా డాబా మీద నీళ్ళ ట్యాంకు కడిగించాను. కడగటానికి వచ్చిన మనిషి లోపలికి దిగి, "అమ్మా, టార్చిలైటు ఇలా అందించండి" అని అడిగాడు. ఆ మాట ట్యాంకు గోడలకు కొట్టుకుని, ఒకటికి నాలుగై, ఎక్కడో చాలా దూరం నుంచి వస్తున్నట్టు పైకి వచ్చింది. టార్చిలైటు నా చేతిలోనే ఉంది, అయినా నేను కదల్లేదు. "ఏమైందండీ?" అంటూ అతను తల బయటికి పెట్టాడు. "ఏం లేదు బాబూ, లోపల్నుంచి ఇంకో మాట మాట్లాడు" అన్నాను. అతను నన్ను వింతగా చూశాడు. యాభై ఏళ్ళ కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం నేను కూడా ఒక మనిషిని అలాగే చూశాను. ఆవిడ చీర కొంగు నడుముకు బిగించి, పెరట్లో ఉన్న ఖాళీ గాబులోకి తల దూర్చి, "ఓ భూమి మీది మనుషులారా, మా నీళ్ళు ముట్టుకోకండి" అని గట్టిగా అరుస్తోంది. పక్కనే ఇద్దరు ఆడపిల్లలు టేపురికార్డరు మైకును గాబు అంచు మీద పట్టుకుని నవ్వు ఆపుకోలేక చస్తున్నారు. ఆవిడే రూతమ్మ టీచరు.

మాది బందరు అవతల సముద్రపు ఒడ్డు పల్లె. నాన్న వేటకు వెళ్ళేవాడు. అమ్మ చేపల గంప ఎత్తుకుని బస్సులో పామర్రు దాకా వెళ్ళి అమ్ముకొచ్చేది. రూతమ్మ గారి పుట్టిల్లు పామర్రు. వాళ్ళ నాన్నగారు పగలు పొలం పనికి వెళ్ళి, సాయంత్రాలు చర్చిలో పిల్లలకు చదువు చెప్పిన మనిషి. వాళ్ళింట్లో అమ్మది చేపల వాడుక. ఒకసారి సెలవులకు వచ్చిన రూతమ్మ గారు, గంప పక్కన కూర్చుని పాత పేపరు చదువుకుంటున్న నన్ను చూసి, ఏం చదువుతున్నావని అడిగారట. చంద్రుడి మీద దిగిన మనుషుల గురించి అన్నానట. నాకు గుర్తు లేదు, అమ్మ చెప్పేది. ఆ జూన్‌లోనే గవర్నర్‌పేటలో ఆవిడ సైన్సు చెప్పే ఆడపిల్లల హైస్కూల్లో నన్ను చేర్పించి, హాస్టల్లో చోటు ఇప్పించారు. అప్పుడు నేను ఎనిమిదో తరగతి.

ఆవిడకు పెళ్ళి కాలేదు. భవానీపురంలో కృష్ణ ఒడ్డుకు దగ్గరగా రెండు గదుల పెంకుటింట్లో ఒక్కరే ఉండేవారు. ఆదివారం ఆరాధన అయ్యాక మా స్కూలు పిల్లలం ఐదుగురం అక్కడికి చేరేవాళ్ళం. పాటలు రికార్డు చేసుకోవటానికని పాస్టరు గారు తెప్పించుకున్న పెద్ద చక్రాల టేపురికార్డరు, వారంలో ఎక్కువ రోజులు ఆవిడ బల్ల మీదే ఉండేది. ఆవిడ నాటకాలు రాసేవారు. అన్నీ రేడియో కోసమే, అన్నీ ఆకాశంలోనే. రెండు వందల ఏళ్ళ తర్వాత మనుషులు ఎక్కడుంటారు, ఏం తింటారు, దేనికి భయపడతారు అని ఆలోచించి రాసేవారు. వాటిలో రాకెట్టుకు కెప్టెను ఎప్పుడూ ఆడమనిషే. సైకిలు చక్రం పుల్లలకు అట్టముక్క తగిలించి తిప్పితే ఇంజను. ప్రెషర్ కుక్కరు మీద బరువు ఎత్తితే రాకెట్టు తలుపు తెరుచుకునేది. చేటలో బియ్యం అటూ ఇటూ జరిపితే ఏ గ్రహం మీదయినా సముద్రమే.

ఆవిడకు ఒక అలవాటు ఉండేది. ఏదైనా చప్పుడు చేయించి, "ఏం వినపడిందో చెప్పండి" అనేవారు. ఒకళ్ళు చెబితే చాలదు, ఐదుగురమూ చెప్పాలి. సన్నగా ఉందా, గరుకుగా ఉందా, ముందు ఎక్కువై తర్వాత తగ్గిందా అని గుచ్చి గుచ్చి అడిగేవారు. చెబుతున్నంతసేపూ మా మొహాలే చూస్తూ ఉండేవారు. అంత శ్రద్ధగా మమ్మల్ని చూసిన పెద్దవాళ్ళు మాకు ఇంకెవరూ లేరు.

నేను మొదటిసారి కాగితం పట్టుకుని చదివిన రోజు అందరూ నవ్వారు. "వెళ్తున్నాం" అని రాసి ఉంటే "ఎల్తన్నాం" అన్నాను. "చూడండి" అని ఉన్నచోట "సూడండి" వచ్చింది. అక్కడ ఉన్నవాళ్ళలో బాగా మాట్లాడేది వసుంధర, ప్లీడరు గారి అమ్మాయి. అది కూడా నవ్వింది. నేను కాగితం కింద పెట్టేశాను. టీచరు గారు మాత్రం నవ్వలేదు. నా దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"నాంచారీ, సముద్రం మీద గాలి మారితే మీ నాన్న ఏమంటాడే?"

"ఏమంటాడండి, అరుస్తాడు."

"ఏమని? ఆయన అరిచినట్టే అరిచి చూపించు."

నేను సిగ్గుపడుతూనే లేచి నిలబడ్డాను. "గాలి తిరిగింది! తెరసాప దించండ్రోయ్! అందరూ ఎడం పక్కకి రండి, పడవ ఒరిగిపోతంది!" అని కేక పెట్టాను. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది. టీచరు గారి మొహం వెలిగిపోయింది. కలం తీసి, తన నాటకంలో రాకెట్టు నడిపే పైలట్ మాటలన్నీ అడ్డంగా కొట్టేశారు. "నువ్వు చెప్పు, నేను రాసుకుంటాను" అన్నారు. వసుంధర అడగలేక అడిగింది: "టీచర్, రాకెట్ నడిపే మనిషి అలా మాట్లాడుతుందాండీ?" "ఎందుకు మాట్లాడకూడదే? ఓడలు నడిపే వంశం ఎవరిది, నీదా, దానిదా?" అన్నారు ఆవిడ. ఆ నాటకం పేరు 'నీళ్ళ గ్రహం'.

దాన్ని రేడియో వాళ్ళ స్త్రీల కార్యక్రమానికి పంపారు. కొన్నాళ్ళకు మమ్మల్ని రమ్మని కార్డు వచ్చింది. ఐదుగురం ఉన్నవాటిలో మంచి ఓణీలు వేసుకుని వెళ్ళాం. అక్కడి అధికారి పెద్దమనిషి, మర్యాదస్థుడే. "రూతమ్మ గారూ, ఆడవాళ్ళ కార్యక్రమంలో రాకెట్లు ఎందుకండీ? ఏ పచ్చళ్ళో, పిల్లల పెంపకమో రాయకూడదా?" అన్నారు. "రాకెట్లో వంట ఎవరు చేస్తారో కూడా రాశానండి, మూడో పేజీలో ఉంది" అన్నారు టీచరు గారు. ఆయన మూడో పేజీ తిప్పారు. అక్కడ కెప్టెను గారి భర్త పప్పు ఉడకటం లేదని ఏడుస్తుంటాడు. అధికారి ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు. నాటకం ఆయనకు నచ్చింది. మా చేత చదివించి విన్న తర్వాత మాత్రం నా వైపు చూసి గొంతు తగ్గించారు.

"ఈ అమ్మాయిని మార్చండి. గొంతు బాగానే ఉంది గాని, ఆ భాష వింటే జనం నవ్వుతారు. శాస్త్రం అంటే కాస్త గౌరవంగా ఉండాలి కదండీ. ఆ వేషం కూడా ఈ ప్లీడరు గారి అమ్మాయి చేత వేయించండి."

టీచరు గారు ఆలోచించుకుని చెబుతానన్నారు.

ఆ సాయంత్రం నన్ను హాస్టలుకు పంపకుండా తన వెంట తీసుకెళ్ళారు. కృష్ణ ఒడ్డున నడుస్తున్నాం. వేసవి కావటంతో ఏట్లో ఇసుక తిన్నెలు బయటపడి ఉన్నాయి. ఆవిడ ఎన్ని నెలలు కూర్చుని రాసుకున్నారో నాకు తెలుసు. చివరికి ధైర్యం చేసి, "వసుంధర చేతే సెప్పించండి టీచరు గారూ, నా మూలాన ఆగిపోకూడదు" అని మెల్లిగా అన్నాను. ఆవిడ పలకలేదు. ఇంకోసారి అన్నాను. పలకలేదు. నీటి వైపు చూస్తూ నడుస్తూనే ఉన్నారు. కోపం వచ్చిందనుకున్నాను. ఏడుపు ఆగక, ఆవిడ ఎడమ పక్క నుంచి ఎదురుగా వెళ్ళి నిలబడి గట్టిగా అరిచాను: "నాకొద్దండి ఈ నాటకం!"

ఆవిడ ఉలిక్కిపడి ఆగిపోయారు. "ఏమన్నావే? ఇందాకట్నుంచీ మాట్లాడుతున్నావా?" అన్నారు. ఆ ప్రశ్నలో కోపం లేదు, భయం ఉంది. అప్పుడు నాకు అర్థమయింది.

ఇద్దరం రాతి మెట్ల మీద కూర్చున్నాం. చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో ఎడమ చెవి పోయిందని, ఇప్పుడు కుడిది కూడా ఏటికేడాది తగ్గిపోతోందని చెప్పారు. క్లాసులో పిల్లల పెదవులు చూసి నెట్టుకొస్తున్నారట. "స్కూల్లో తెలిస్తే క్లాసు ఇవ్వరు. నువ్వు ఎవరితోనూ అనకు" అన్నారు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు.

"జాలిపడి నీకు వేషం ఇచ్చాననుకుంటున్నావు కదూ? నా స్వార్థం కోసం ఇచ్చానే. వసుంధర చక్కగా చదువుతుంది, అందరూ అంటారు. నాకు దాని పెదవులే కనపడతాయి. ఐదుగురిలో నీ గొంతొక్కటే నాకు మొదటి నుంచి చివరి దాకా వినపడుతుంది. నా నాటకంలో ఒక్క మనిషి మాటైనా నేను వినాలా వద్దా?"

అప్పటిదాకా నా గొంతు దాచుకోవలసిన వస్తువు అనుకున్నాను.

మర్నాడు ఆవిడ రేడియో అధికారి దగ్గరికి వెళ్ళి, పైలట్‌ను మార్చేటట్టయితే నాటకం తిరిగి ఇచ్చేయమని చెప్పారట. నెల రోజులు ఏ కబురూ లేదు. ఆవిడ ఆ మాటే ఎత్తలేదు గాని, పోస్టుమాను సైకిలు కనపడినప్పుడల్లా పాఠం మధ్యలో ఆగిపోయేవారు. చివరికి ఉత్తరం వచ్చింది. పైలట్ మాటలు ఇద్దరి చేతా చెప్పించి చూస్తాం, అందరినీ తీసుకురండి అని.

స్టూడియోలో గోడలకు చిల్లుల అట్టలు, కింద మెత్తటి తివాచీ. మా అడుగుల చప్పుడు మాకే వినపడలేదు. అద్దం అవతల నుంచి అధికారి ఏదో చెబితే చిన్న స్పీకర్లోంచి మాట వచ్చేది. అది టీచరు గారికి అందటం లేదని నాకొక్కదానికే తెలుసు. ఆవిడ కుడి పక్కన నిలబడి, "టీచరు గారూ, రెండో పేజీ నుంచి అంటన్నారండి" అని, ఏమీ ఎరగనట్టు పెద్దగా చెబుతూ ఉన్నాను. మొదట వసుంధర చెప్పింది. తప్పు ఒక్కటి కూడా లేదు. తర్వాత నా వంతు. "మైకు సంగతి మర్చిపో. నాకు వినపడేటట్టు చెప్పు" అన్నారు టీచరు గారు.

చెప్పాను. అద్దం అవతల రికార్డు చేసే ఆయన చెవులకున్నవి తీసేసి పరుగెత్తుకొచ్చారు. "అమ్మాయ్, మైకు పగిలిపోద్ది! రెండడుగులు వెనక్కి!" మళ్ళీ చెప్పాను. ఇంకో రెండడుగులు. అలా జరిగి జరిగి నా వీపు గోడకు ఆనింది. గోడకు ఆనుకునే ఆ నీళ్ళ గ్రహం మీది తుఫానులో నా ఓడను ఒడ్డుకు చేర్చాను. అయిపోయాక ముందు మాట్లాడింది వసుంధర. "సార్, దానిదే ఉంచండి. నేను చెబితే అక్కడ తుఫాను లేదు" అంది. అధికారి బయటికి వచ్చి, ఆవిడకు ఎదురుగా నిలబడి, కళ్ళజోడు తుడుచుకుంటూ, "సరే, ఉంచుదాం. తిడుతూ ఉత్తరాలొస్తే మీకే పంపిస్తానండీ రూతమ్మ గారూ" అన్నారు. అది మాత్రం ఆవిడకు నేను మళ్ళీ చెప్పనక్కర్లేకపోయింది.

ఉత్తరాలు వచ్చాయి. ఆ మోటు భాష ఏమిటని కొందరు, రాకెట్లో మగవాడు పప్పు వండటమేమిటని కొందరు. మా ఊళ్ళో టీకొట్టు దగ్గర రేడియో చుట్టూ పల్లె పల్లెంతా కూర్చుని విన్నదట. తర్వాతి వారం నాన్న హాస్టలుకు వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, ముందు నన్ను మెచ్చుకోకుండా ఒక సందేహం అడిగాడు.

"అంతా బాగుంది గానమ్మా, ఆకాశంలో గాలుండదని ముందు మీ టీచరమ్మే సెప్పించింది గదా. మరి రాకెట్టుకి తెరసాప దేనికే?"

నేను ఆ మాట టీచరు గారికి చేరవేశాను. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయి, "ఉండవే" అని పుస్తకాలు ముందేసుకున్నారు. వెలుతురు కూడా దేన్నయినా కొంచెం తోస్తుందని, గాలి లేనిచోట పలచటి పెద్ద తెర కడితే సూర్యుడి వెలుతురే దాన్ని నడిపించగలదని నాకు బొమ్మ గీసి చూపించారు. తర్వాతి నాటకం అదే, 'వెలుతురు తెరచాప'. అందులో పైలట్ తండ్రి ముసలి జాలరి, రాకెట్టుకు తెరచాప కుట్టిపెడతాడు. మా నాన్నకు ఆ సంగతి చెబితే, "మరి నా పేరు సెప్పారా రేడియోలో?" అని అడిగాడు.

నేను ఫైనలు పరీక్ష రాసిన ఏడాదే ఆవిడ తనంతట తానే హెడ్‌మిస్ట్రెస్ గారికి చెవుల సంగతి చెప్పేశారు. పిల్లలు అడిగిన ప్రశ్న ఒకటి, తను చెప్పిన జవాబు ఒకటి కావటం మొదలైందని, అది పిల్లలకు అన్యాయమని అన్నారట. పాఠాలు పోయాయి. లేబొరేటరీ, లైబ్రరీ చూసుకోమన్నారు. చూడటానికి వెళ్ళిన నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని, ఆవిడ సీసాల మీద కొత్త చీటీలు అంటిస్తూ, "ఇప్పుడు రాసుకోవటానికి ఎంత తీరికో తెలుసా!" అన్నారు. చివరి నాటకం ప్రసారమైన మధ్యాహ్నం ఆవిడ పక్కన నేనే ఉన్నాను. అప్పటికి ఆవిడకు నా గొంతు కూడా అందటం లేదు. రేడియో చెక్కపెట్టె మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని అరగంట కూర్చున్నారు. అయిపోయాక కాగితం మీద రాసి చూపించారు: "కుక్కరు చప్పుడు బాగా వచ్చిందా?" నేను తలాడించాను. నిజంగానే బాగా వచ్చింది.

ఆవిడ పోయి ఇప్పటికి చాలా ఏళ్ళయింది. నేను రాకెట్లు నడపలేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేరి, అక్కడే రిటైరయ్యాను. చేరిన కొత్తలో కాస్త నాజూగ్గా మాట్లాడటం నేర్చుకోమని పై ఆఫీసరు చెబితే, నంబర్లు తప్పు చెబితే అప్పుడు అడగండి అన్నాను. "ఏ ఊరమ్మా మీది?" అని లైను మీద చాలామంది అడిగేవాళ్ళు, కొందరు వెక్కిరింపుగా, కొందరు ముచ్చటగా. అందరికీ మా ఊరి పేరే చెప్పి లైను కలిపేదాన్ని. ట్రంకు కాల్సు రోజుల్లో తీగలన్నీ హోరు. అవతల ఎవరో పెద్దాయన, "వినపడటం లేదమ్మా, వినపడటం లేదు" అని అరుస్తూ ఉండేవాడు. పక్క సీటు వాళ్ళు విసుక్కుని తీగ పీకేసేవాళ్ళు. ఆ మాట అన్న మనిషి మీద నాకు ఒక్కనాడూ విసుగు రాలేదు. కుర్చీ వెనక్కి జరుపుకుని, గుండెల నిండా గాలి పీల్చి, "అయ్యా, మీ అబ్బాయే మాట్లాడతన్నాడు, సెప్పండి" అని మళ్ళీ మొదటి నుంచి చెప్పేదాన్ని.