ఊఁ కోసం ఆగే మనిషి

కెనడాలోని ఏజాక్స్‌లో మా బేస్‌మెంట్‌కు పైన ఉండే ఓనర్ అంకుల్ పోయిన వారం చనిపోయారు. నేను కాఫీ షాపులో షిఫ్టులో ఉండగా వాళ్లమ్మాయి ఇంగ్లీషులో మెసేజ్ పెట్టింది. చదివి, లైన్లో ఉన్నవాళ్లకు కాఫీలు అందిస్తూనే ఉన్నాను. అక్కడ ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు.

చదువుకోవడానికి వచ్చిన మా అందరిదీ ఒకటే పరుగు. కాలేజీ, బస్సు, షిఫ్టు. రూమ్మేట్‌తో మాట్లాడి ఎన్నాళ్లయిందో గుర్తుండదు. ఆ ఇంట్లో తీరిగ్గా కబుర్లు చెప్పే మనిషి అంకుల్ ఒక్కరే. కాకినాడ వైపు వారు. ఆంటీ పోయాక ఒంటరి. ఆదివారం చర్చి నుంచి రాగానే ఉప్మా చేసి కిందికి కేకేసేవారు.

ఆయనతో ఒకటే చిక్కు. ఒక మాట చెప్పి ఆగుతారు. మనం ఊఁ అంటేనే కథ కదులుతుంది. నోటినిండా ఉప్మా ఉన్నా సరే, అనాల్సిందే.

"ఇదేం అలవాటు అంకుల్?" అని ఒకసారి నవ్వాను.

"ఎక్స్‌మోడెమ్ అలవాటమ్మా!" అన్నారు. ఆయన ఈ దేశం వచ్చిన కొత్తలో కంప్యూటర్లు ఫోన్ లైను మీద ఫైళ్లు పంపుకునే పద్ధతట అది. "చిన్న ముక్క పంపి ఆగేది. అందిందని అవతలి నుంచి జవాబొస్తేనే రెండోది. ఊఁ కొట్టించుకోవడమేగా? మధ్యలో మీ ఆంటీ ఫోనెత్తిందా, మళ్లీ మొదటి నుంచీ!"

"మొత్తం రావడానికి ఎంతసేపు పట్టేది?"

"మీ ఆంటీ స్నేహితురాళ్లను బట్టి."

తర్వాత జెడ్‌మోడెమ్ వచ్చిందట. అది జవాబు కోసం ఆగదు, పంపుకుంటూ పోతుంది. లైను తెగినా తెగిన చోటి నుంచే అందుకుంటుంది. "ఎంత సంబరపడ్డామో!" అని ఊరుకున్నారు. నేను ఊఁ అన్నాను. "ఇప్పుడు ఎంత పెద్ద ఫైలైనా తెగదమ్మా. మధ్యలో ఫోనెత్తే మనిషే లేదు."

నిజానికి ఆయనతో ఊఁ కొట్టించుకున్నది నేనే ఎక్కువ. ఉద్యోగం దొరకలేదని, ఇంటిమీద బెంగగా ఉందని, అమ్మకు చెప్పలేనివన్నీ ఆయనకు చెప్పాను. ఒక్కసారీ అడ్డు రాలేదు. ఆ ఊఁ లేకపోతే ఇక్కడ నిలబడేదాన్ని కాదు.

నిన్న బస్సులో ఆయన పాత వాయిస్ మెసేజ్ పెట్టుకుని విన్నాను. "అమ్మా, మంచు బాగా పడుతోంది." కాసేపు ఖాళీ. మెసేజ్‌లో కూడా ఆగేవారు. ఊఁ అన్నాను. "మెట్ల మీద ఉప్పు చల్లాను." పక్క సీటావిడ చూస్తున్నా, ఊఁ అన్నాను. "అయినా జారుతోంది." ఈసారి ఊఁ అనలేకపోయాను.

ఆయన నా కోసం ఆగలేదు. "జాగ్రత్తగా రామ్మా," అనేశారు.