ఆ దిష్టి నాదే అనుకున్నాను

మా చిన్నప్పుడు ఉప్పుగూడ ఇంట్లో ఉయ్యాల అంటే అమ్మ పాత చీరే... దూలానికి రెండు ముడులు వేసి కట్టేది. తొమ్మిదేళ్ళ పాటు ఆ ఇంట్లో పిల్లనంటే నేనొక్కదాన్నే. బాపు, అంటే మా నాన్న, రైల్వేలో ఖలాసీ. ఆయన డ్యూటీకి వెళ్ళగానే అమ్మ నన్ను పీట మీద కూర్చోబెట్టుకుని, తలకి నూనె పెట్టి, రెండు జడలు బిగించి బడికి పంపేది.

ఆ చీర ఉయ్యాలలోకి తమ్ముడు శీను వచ్చాక నా జడలు పోయాయి. "నువ్వే ఏసుకో బిడ్డా, పెద్దదానివైనవ్" అనేసింది అమ్మ. తొమ్మిదేళ్ళకి పెద్దదాన్నేమిటి, నా మొహం... ఒక జడ పైకి, ఒక జడ కిందికి వేసుకుని పోతే క్లాసంతా నవ్వింది.

అప్పుడు మొదలైంది అది. దాని పేరు నాకు తెలియదు. అమ్మ వాణ్ణి ఎత్తుకుని ముద్దాడుతుంటే కడుపులో చుర్రుమని, గొంతు దాకా వచ్చి అక్కడే ఆగిపోయేది. ఇప్పుడైతే అసూయ అని ఒక్క ముక్కలో రాసేస్తాను. అప్పుడు కడుపునొప్పి అనుకుని వాము నమిలేదాన్ని.

ఒక మధ్యాహ్నం అమ్మ బట్టలు ఉతుకుతూ నన్ను ఉయ్యాల ఊపమంది. వాడు నిద్రపోతున్నాడు. వాడి మొహంలోకే చూస్తూ, వీడు పుట్టకపోయి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాను. పైకి అనలేదు... చూస్తూ అనుకున్నానంతే.

సాయంత్రానికి వాడి ఒళ్ళు కాలిపోయింది. అమ్మ వాణ్ణి ఎత్తుకుని మసీదు గుమ్మం దగ్గర నిలబడింది. నమాజు చదివి బయటికి వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే వాడి మొహం మీద ఊదిపోయారు. మా వాడకట్టులో ఏ పసిపిల్లకి సుస్తీ చేసినా, ఏ ఇంటివాళ్ళయినా ముందు చేసే పని అదే. ఇంటికి రాగానే వాడికి ఫిట్స్ వచ్చాయి. బాపు రిక్షా కోసం పరిగెత్తాడు.

రిక్షా వచ్చేలోపు బాపమ్మ, అంటే బాపు వాళ్ళమ్మ, ఉప్పూ మిరపకాయలూ పిడికిట్లో పట్టుకుని వాడి చుట్టూ మూడుసార్లు తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఇంటోళ్ళ దిష్టి..." అంటూ పొయ్యిలో వేసింది. మిరపకాయలు నల్లగా మాడాయి గానీ ఘాటు రాలేదు. ఒక్కరికీ దగ్గు రాలేదు. అలా అయితే దిష్టి గట్టిగా తగిలినట్టు లెక్క.

"ఇంటోళ్ళ దిష్టి గూడ తగుల్తదా బాపమ్మా?" అని అడిగాను.

"ఎందుకు తగలది బిడ్డా... బయటోళ్ళ కండ్ల కంటె ఇంటోళ్ళ కండ్లే జల్ది తాకుతయ్."

ఆవిడ ఉద్దేశం వేరు. కన్నతల్లి మురిసిపోయి చూసినా పిల్లలకి దిష్టి తగులుతుందని ఆవిడ అనేది. నాకు మాత్రం మధ్యాహ్నం ఉయ్యాల దగ్గర అనుకున్న మాటే గుర్తొచ్చింది. వాళ్ళు పెద్దాసుపత్రికి వెళ్ళగానే దేవుడి పటం ముందు నిలబడి మొక్కుకున్నాను... వీడు బతికితే చాలు, ఈ జన్మలో వీడి మొహం చూడనని.

వాడు బతికాడు. ఇంకేం రుజువు కావాలి నాకు.

ఉయ్యాలకి పొడుగాటి తాడు కట్టి, వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుని లాగేదాన్ని. అన్నం తినిపించమంటే ముద్ద వాడి నోట్లోకి పోక చెంపకి అంటుకునేది. అమ్మకి ఒళ్ళు మండి ఒక రోజు వీపు మీద ఒక్కటిచ్చింది.

"గంత కుళ్ళేందే నీకు? తమ్ముణ్ణి సూస్తె మొఖం తిప్పుకుంటవేందే?"

నోరు విప్పలేదు. విప్పితే దిష్టి నాదేనని తెలిసిపోతుంది కదా. అప్పటికి కడుపులో మంట ఎప్పుడో పోయింది. వాడు ఏడిస్తే వాడికంటే ముందు నాకే ఏడుపొచ్చేది. ఎప్పుడు మారిందో, ఎలా మారిందో... వాడికేమైనా అవుతుందేమోనని భయపడీ భయపడీ వాడి మీద ప్రేమ పుట్టిందేమో. చూసేవాళ్ళకి మాత్రం అది కుళ్ళులాగే కనిపించింది.

వాడు పెద్దవాడవుతున్నాడు. పలక మీద బొమ్మ వేసుకొచ్చి, "అక్కా, ఇటు సూడక్కా" అనేవాడు. "మంచిగున్నది పో" అనేదాన్ని, పలక వైపే చూస్తూ. ఒక రోజు పక్క గదిలో అడుగుతున్నాడు... "అక్కకు నేనంటె గిట్టదా బాపమ్మా?" ఆవిడ ఏం చెప్పిందో వినలేక బయటికి పోయాను. ఆ తర్వాత వాడు నన్ను పిలవడం మానేశాడు.

నాలుగు అక్షరాలు చదువుకున్నాక తెలియదా, జ్వరం జ్వరమేనని? తెలిసింది. కానీ కళ్ళకి అలవాటైపోయింది. వాడికీ అలవాటైపోయింది. పండక్కి కలిస్తే ఇద్దరం టీవీ వైపు చూస్తూ మాట్లాడుకునేవాళ్ళం. చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో... మనవలు పుట్టిన మనిషిని, దిష్టి అంటే నవ్వుతాడేమోనని సిగ్గుపడ్డాను. బుద్ధి లేకపోతే సరి.

పోయినేడు వానల్లో గుండెపోటొచ్చి పోయాడు. చాప మీద పడుకోబెట్టారు. ఇప్పుడిక నా కళ్ళు వాణ్ణి ఏం చేస్తాయి... పక్కన కూర్చుని చూశాను. చాలాసేపు చూశాను. ఎడమ చెంప మీద చిన్న గుంట ఉంది.

"ఇదేందమ్మా, దెబ్బ తాకిందా?" అని మరదల్ని అడిగాను.

ఆ పిల్ల ఏడుపు ఆపి నా వైపు వింతగా చూసింది. "ఆయనకు ఆరేండ్లప్పుడు అమ్మతల్లి పోసింది కద వదినా... గప్పటి పొక్కు మచ్చ. మీరు ఇంట్లనే ఉంటిరి కద."

మొన్న నా మనవరాలు అన్నం తింటూ, "మమ్మీ, తమ్ముడంటే నాకు జెలసీగా ఉంది" అని చెప్పేసింది. మా కోడలు నవ్వి దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. అంతే, అయిపోయింది. మా రోజుల్లో ఆ మాట పైకి అనొచ్చని మాకెవరూ చెప్పలేదు...

మీలోనూ ఇలా మొహం తిప్పుకుని బతికినవాళ్ళు ఉంటే కింద రాయండి... వద్దు, నాకు రాయకండి. ఆ మనిషి ఎదుటికి పోయి చెప్పండి.