బజారులో అమ్మ చోటు

మా అమ్మకి డెబ్బై దాటాయి. మల్కాపురం చేపల బజారులో గేటు పక్కన, గోడకి ఆనుకుని ఉన్న చోటు ఆమెది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి అక్కడే అమ్మింది. నాన్న సముద్రం మీద వేటకి వెళ్ళిన రోజుల్లోనూ అక్కడే, నాన్న పోయాకా అక్కడే. అన్నయ్యకి రిఫైనరీలో పని దొరికి ఇల్లు కుదుటపడింది గాని, అమ్మ తెల్లారకుండా లేచి హార్బరుకి ఆటో ఎక్కడం మానలేదు.

పోయిన చలికాలంలో వంజరం చేప కోస్తూ కత్తిపీట మీద బొటనవేలు లోతుగా కోసుకుంది. కుట్లు పడ్డాయి. కళ్ళు మసకబారుతున్న సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇక దాచడానికి వీల్లేకపోయింది.

ఆ ఆదివారం అన్నయ్య నన్ను రమ్మన్నాడు. నేను వన్‌టౌన్‌లో ఉంటాను, అక్కడే ఒక బట్టల దుకాణంలో పని. వెళ్ళేసరికి అన్నయ్య, వదిన మంచం మీద కూర్చుని ఉన్నారు. అమ్మ గుమ్మం దగ్గర కూర్చుని, కట్టు కట్టిన వేలు పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో వెల్లుల్లి వలుస్తోంది.

"ఇంక బజారు ఒద్దు. ఆపరేషన్ సేయించేత్తే ఇంటికాడే కూకుంటది," అన్నాడు అన్నయ్య నాతో.

"టీవీ ఉంది, పిల్లలున్నారు. ఆ వయసులో ఇంకేటి కావాలి సెప్పమ్మా," అంది వదిన.

వాళ్ళిద్దరిలో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. ఆ రోజు రక్తం చూసి అన్నయ్య బాగా భయపడ్డాడట. కానీ అంతసేపు మాట్లాడుకున్నా, గుమ్మం వైపు తిరిగి "నువ్వేమంటావు" అని అడిగినవాళ్ళు లేరు. అమ్మ పొట్టు ఊదుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాతి వారం నేనే ఆమెని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కుర్ర డాక్టరు. మిషన్లో చూసి నా వైపు తిరిగాడు. "పెద్దావిడకి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయండి. ముందు కుడి కన్ను చేద్దాం. ఎప్పుడు తీసుకొస్తారు?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ అంది. "బాబూ, కన్ను నాది. ఆ మాటేదో నాతో సెప్పు."

అతను చీటీ పక్కన పెట్టాడు. తర్వాత స్టూలు ఆమె వైపు జరుపుకుని, గొంతు పెంచి మొదలుపెట్టాడు.

"సెవులు బాగానే ఉన్నాయి నాన్నా. మెల్లగా సెప్పు."

అతను నవ్వాడు. అమ్మ ఒక్కొక్కటీ అడిగింది. నొప్పి ఉంటుందా, కంటికి నీళ్ళు ఎన్నాళ్ళు తగలకూడదు, ఐసు పెట్టెలో చేతులు పెట్టొచ్చా, వేసవి దాకా ఆగితే కన్ను పోతుందా. అతను ఓపిగ్గా చెప్పాడు. వేసవి దాకా ఫరవాలేదు, అంతకు మించి ఆగొద్దన్నాడు.

"అయితే ఏసవిలో సర్కారోళ్ళు ఏట ఆపేసిన రోజుల్లో సేయించుకుంటాను. పడవలన్నీ రేవులోనే ఉంటాయి, బజార్లో సేపలుండవు. అందాక కోత పని పక్కామెకి ఇచ్చేత్తాను."

ఇంటికొచ్చి ఈ మాట చెబితే అన్నయ్య తల దించుకున్నాడు. "నాను బజార్లో సెప్పేసేనమ్మా. నువ్వింక రావు, ఆ సోటు ఎవులికైనా ఇచ్చుకోండని."

అమ్మ లేచి కంచం పెట్టుకుంది. అన్నం తిని పడుకుంది. పొద్దున్నే హార్బరుకి కాకుండా నేరుగా బజారుకి ఆటో ఎక్కింది. ఆ రాత్రి అక్కడే ఉండిపోయిన నేనూ వెంట వెళ్ళాను. దారంతా ఆమె బయటికి చూస్తూనే ఉంది.

గోడ పక్కన చోటు ఖాళీగా ఉంది. ఎవరో ఊడ్చి, తడి గోనె పరిచి ఉంచారు. పక్కన ఎండుచేపలు అమ్మే పిన్ని తల కూడా ఎత్తకుండా అంది. "నీ కొడుకొచ్చి సెప్పేడు. ఆ యమ్మ వొచ్చి సెప్పాల గదా అన్నాం. ఎవులికీ ఇవ్వనేదు. కూకో."

అమ్మ కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. కాసేపటికి ఎవరో కానాగంత చేపలు అడిగితే, ఇవాళ తేలేదు, రేపు రమ్మంది.

ఆ సాయంత్రం అన్నయ్య డ్యూటీ నుంచి వచ్చాక అమ్మే పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"నా మంచి కోరే సెప్పేవు, కాదనను. మరి నన్నొక్క మాట అడగాల గదా. ఒద్దంటే నా ఎదురుగా అను. నాను సెప్పింది కూడా ఇను."

"పడిపోతావని బయమమ్మా."

"పడితే లెగుత్తాను. లెగనేకపోతే నువ్వున్నావు."

అన్నయ్య నవ్వబోయాడు గాని కళ్ళు తడిశాయి. ఆ పూట ఇద్దరూ బేరమాడుకున్నట్టే మాట్లాడుకున్నారు. కోత పని అమ్మ మానేస్తుంది. నేల మీద గొంతుకూర్చోకుండా ఎత్తు పీట వేసుకుంటుంది. హార్బరుకి ఒంటరిగా వెళ్ళదు, పిన్నితో కలిసి వెళ్తుంది. అన్నయ్య ఇకపై అమ్మని అడక్కుండా బజారులో ఏదీ తేల్చడు. వదిన మధ్యలో కలగజేసుకుని, మధ్యాహ్నం అన్నం వేడిగా తినడానికి ఇంటికి రావాలంది. దానికీ అమ్మ ఒప్పుకుంది.

వేసవిలో కుడి కన్ను ఆపరేషన్ బాగా జరిగింది. నల్ల కళ్ళజోడు పెట్టుకుని మంచం మీద నుంచే ఇల్లంతా నడిపింది. కొన్నాళ్ళకి ఎడమ కన్నూ అయింది. పడవలు మళ్ళీ కదిలాక, వారంలో కొన్ని రోజులే బజారుకి వెళ్తోంది. ఏ రోజులన్నది ఆమె ఇష్టం.

మొన్న ఆదివారం నేను వెళ్ళేసరికి అమ్మ ఇంట్లో లేదు. అన్నయ్య ఒక్కడే చేపల పులుసుతో అన్నం తింటున్నాడు.

"ఎక్కడికెళ్ళింది?" అని అడిగాను.

"పద్మనాభం ఊరెల్లింది. ఎండుసేపల పిన్ని సుట్టాలింటికట. బస్సు ఎక్కించనా అంటే, నాకు బోర్డు కనిపిత్తంది గదా అంది. సీకటి పడకముందే వొచ్చేత్తదట."

"ఒక్కదాన్నే పంపేశావా?"

"నాను పంపేదేటి, ఆవిడే ఎల్లింది," అన్నాడు. గిన్నె నా వైపు జరిపాడు. "తిను. ఎల్లేముందు వొండింది."

కంచం పెట్టుకుని అతని పక్కన కూర్చున్నాను. పులుసులో చింతపండు కాస్త ఎక్కువైంది, అమ్మకి ఎప్పుడూ అంతే. ఇద్దరం గిన్నె ఖాళీ చేశాం.