తెల్లబట్ట మీద ఎర్ర పాలు

నా పెద్దబిడ్డ పాలు కక్కితే తెల్లబట్ట మీద ఎర్రగ పడ్డది. చూసి అత్తను పిలిచిన. పిల్ల ఇంకా మెడ నిలపలే. తల్లి లేనిదాన్ని కాబట్టి పురుడు అత్తింట్లనే అయింది. పటాన్‌చెరు దిక్కు అప్పుడప్పుడే ఫ్యాక్టరీలు లేస్తుండె. మా ఇంటాయన అండ్ల పనికి కుదిరితే, అత్తతోని కలిసి వరుస గదులల్ల ఒకటి కిరాయికి తీసుకొని ఉంటుంటిమి.

నాకప్పటికే రొమ్ముల కొసలు పగిలి పుండ్లయినయి. పాలిచ్చేటప్పుడు నొస్తుందని ఒకసారి అంటే, అందరికీ నొస్తది ఓర్సుకో అని అత్త ఆముదంల పసుపు కలిపి ఇచ్చింది. రాసిన. మంట తగ్గలే, బిడ్డ మూతి మాత్రం పచ్చగయింది. పాత చీర చింపి గట్టిగ కట్టుకుంటే ఆ గుడ్డ పుండుకు అంటుకొని, తీసినప్పుడల్లా మళ్ల పచ్చిగ లేస్తుండె. చూపించుడు అన్న ముచ్చటే లేదు. పాలకు దిష్టి తగులుతదని కొంగు కప్పుకొనే ఇయ్యాలె. అత్త అటు ఇటు తిరుగుతనే వచ్చి ఆ కొంగును ఇంకింత కిందికి గుంజేది. దానికింద నేను పండ్లు కొరుక్కుంటున్నది ఆమెకేం ఎరుక.

ఆ ఎర్రబట్టను అత్త వెలుగుకు పట్టి చూసింది. ఎన్నడు గొంతు తగ్గించని మనిషి మెల్లగ అన్నది, "పిల్ల కడుపుల పుండయినట్టున్నది."

నా పాలే చెడ్డయని, ఇగ రొమ్ము ఇయ్యొద్దని తేల్చింది. డబ్బాపాలు తెమ్మని కొడుకును సైకిల్ మీద పంపింది. అగ్గిపుల్ల దండుగ చెయ్యని మనిషి డబ్బా తెమ్మన్నదంటే ఇగ నా బిడ్డ దక్కదనుకున్న. అది ఆకలికి గుక్కపట్టి ఏడుస్తున్నది. నాకు పాలు పొంగి రవిక తడుస్తున్నది. దగ్గరికి తీసుకోనిస్తలేరు.

ఆ ఏడుపుకు పక్కగదిల నుంచి గాజులమ్మే సాయిబు భార్య వచ్చింది. ఆమెను అందరం ఖాలా అనేటోళ్లం. బట్టను చూసింది, నన్ను చూసింది.

"కొంగు తియ్యి, బిడ్డా."

నేను తియ్యలే. పట్టపగలు ఇదేం మాటని అత్త అడ్డం వచ్చింది. ఖాలా ఆగలే, తనే తీసింది. నన్ను ఇంకో ఆడమనిషి అట్ల చూసుడు అదే మొదలు. సిగ్గుకు కండ్లు మూసుకున్న.

"నెత్తురు పిల్లది కాదు, నీ కోడలిది," అని అత్తతోని అన్నది.

అత్త నా ముందటికొచ్చి కూసున్నది. జెరసేపు నా పుండ్లనే చూసింది. "గింతగనం పగిలితే చెప్పకపోతివేందే?"

"చెప్పిన గద అత్తమ్మా. ఓర్సుకొమ్మన్నవు."

అంత మాట నా నోట్ల నుంచి ఎట్ల వచ్చిందో నాకే తెల్వదు.

ఖాలా బిడ్డను నా ఒళ్లె పెట్టి చూపించింది. పిల్ల కొసనే పట్టి నములుతున్నదట. నోరు పెద్దగ తెరిచినంకనే దగ్గరికి గుంజుకోవాలె, కొస చుట్టున్న నల్లటి గుండ్రం కూడా లోపలికి పోవాలె. ఇగ మందేందంటే, తాగిచ్చినంక నా పాలే రెండు చుక్కలు పిండి పుండుకు రాసి గాలికి ఆరనియ్యాలె. పసుపొద్దు, కట్టొద్దు. రొమ్ము గడ్డకట్టి జ్వరమొస్తే మాత్రం ఆగకుండ దవాఖానకు పోవాలె. చెడ్డయన్న పాలే మందనేసరికి అత్త ఆముదం గిన్నె తీసి పక్కకు పెట్టింది. బిడ్డ కడుపునిండ తాగి పండుకున్నది. నాకు మొదటిసారి పండ్లు కొరుక్కునే పని పడలే.

గాలికి ఆరాలంటే రొమ్ము మీద బట్ట లేకుండ కూసోవాలె. ఉన్నది ఒక్క గది, తలుపేస్తే గాలి రాదు. తెల్లారి చూస్తే అత్త గడప మీద కూసున్నది. నాకు వీపు పెట్టి, తన కొంగును తలుపుకు అడ్డం పట్టుకున్నది. బోరింగుకాడికి పోయేటోళ్లు ఆగితే, "ఇటేం చూస్తున్నరు, మీ బిందెలు చూసుకోన్రి," అని తరుముతున్నది. నా కొంగు ఇంచు జారనియ్యని మనిషి ఆమేనా అని వెనుక నుంచి చూసుకుంటనే కూసున్న.

పుండ్లు మెల్లగ మానినయి. ఒకనాడు బిడ్డ మళ్ల కక్కింది. అత్త ఆ బట్ట గుంజుకొని వెలుగులకు పోయింది. తెల్లగున్నది. ముక్కుకాడ పెట్టుకొని వాసన కూడా చూసింది. అప్పుడు అటక మీది పాలడబ్బా దించి కొడుకు చేతుల పెట్టింది.

"మూత తియ్యలే. వాపస్ ఇచ్చి రాపో."