పిట్టకు పెట్టిన క్వార్టరు

ఆ రోజుల్లో చట్టమంతా నా ఖాకీ చొక్కాలోనే ఉందనుకునేవాణ్ణి. ఆబ్కారీ కానిస్టేబుల్‌గా కొత్తగా చేరాను. ఇస్త్రీ నలుగుతుందని ఎర్రటెండలో కూడా చేతులు మడిచేవాణ్ణి కాదు. జమ్మికుంట దగ్గరి మా ఊళ్లో నిన్నమొన్నటి దాకా 'ఏందిరా' అన్నవాళ్లే 'సారూ' అనసాగారు. ఆ పిలుపు ఎంత ఒంటబట్టిందంటే, నన్ను కన్న అవ్వ పేరుపెట్టి పిలిస్తే కాస్త ఆలస్యంగా పలికేవాణ్ణి.

సారు మోజు పట్టనిది మా పెద్దవ్వకే, అంటే మా నాన్నకు అన్నయిన పెద్దబాపు భార్యకు. పెద్దబాపు పొద్దున లేస్తే సోడామామ కిరాణా కొట్టు దగ్గర తేలేవాడు. అక్కడ ముందర ఉప్పూ పప్పూ, వెనక గదిలో మందు. ఇలాంటి దొంగచాటు అమ్మకాన్నే మా వైపు బెల్టుషాపు అంటారు. దానికి ఏ కాలంలోనూ అనుమతి లేదు. పెద్దవ్వ ఒకటికి రెండుసార్లు నా దగ్గరికి వచ్చి, "కొడుకా, గా దుకాణం బంద్ చేపియ్యి. ఆయన కాళ్లు వాసినయ్, కండ్లు పచ్చగైనయ్. దూరం పోయి తాగేటంత తాకత్ లేదు, ఊళ్లె దొరకకుంటె మానుతడు" అని బతిమాలింది. నేను పెన్ను మూత పెడుతూ, "ఉత్తగ జెప్తె కాదు పెద్దవ్వా, కాగితం రాసియ్యాలె. పైకెల్లి ఆర్డర్ రావాలె" అన్నాను. (ఏ ఆర్డరూ అక్కర్లేదు. సోడామామ నాకు వరసకు మేనమామ, ఊళ్లో అందరికంటే ముందు నన్ను సారూ అన్నవాడు. అదీ అసలు కథ.)

సర్పంచ్ ఎన్నికలకు మూడు రోజుల ముందు పెద్దబాపు పోయాడు. మూడోనాడు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెడితే కాకి వచ్చి ముట్టాలి, అది ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు. ముట్టకపోతే ఆ ప్రాణం ఇంటి చుట్టే తిరుగుతుందని పెద్దవ్వ భయం. కోడికూర, గారెలు, బీడీకట్ట అన్నీ సిద్ధమయ్యాయి. మందు మాత్రం లేదు. పోలింగు కోసం దుకాణాలు మూయించారు, వాటి తాళాలకు లక్క అద్ది సీలు వేసింది సాక్షాత్తూ నేనే. డ్యూటీ మధ్యలోంచి వచ్చాను కనుక ఖాకీలోనే ఊరంతా తిరిగి అడిగాను. ఓట్ల కోసం పంచిన సీసాలు ఇంటింటికీ చేరాయని పసిపిల్లలకు కూడా తెలుసు. అయినా ప్రతివాడూ నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుని, "మందా సారూ? మా ఇంట్ల గా ముచ్చటనే లేదు" అన్నవాడే. సోడామామైతే రెండు చేతులూ జోడించాడు. "పొద్దుగాలనే ఉన్నదంత పట్టుకపోయినవ్ గదా సారూ. మల్ల పరేషాన్ జేస్తున్నవా?"

అది నిజమే. ఎన్నికలని పైవాళ్లు హడావుడి చేస్తే, ఆ పొద్దునే అతని వెనక గదిలో పన్నెండు క్వార్టర్లు పట్టుకున్నాను. సాక్ష్యంగా సీలు వేసిన ఆ సంచి నా బండికే వేలాడుతోంది.

వాగు ఒడ్డున విస్తరి పెట్టారు. కాకులు తుమ్మచెట్టు దిగవు. పెద్దవ్వ వాటివైపు చూస్తూ, "ఆకలైతలేదా నీకు? నా మీద కోపమా? జర వచ్చి ముట్టయ్యా" అంటోంది. బండి దగ్గరికి పోయి సంచి సీలు తెంపాను. (ఉద్యోగం ఊడే పని అది.) ఒక క్వార్టరు తెచ్చి, ఏదో ఘనకార్యం చేసినట్టు ఆమె చేతిలో పెట్టాను.

"ఏడ దొరికింది కొడుకా?"

"సోడామామ తాన. పొద్దుగాల పట్టిన."

ఆమె సీసాను చూసింది. దానికి అంటించిన చీటీ మీద నా సంతకాన్ని చూసింది. ఆ తర్వాత నన్ను చూసింది.

"అంటే, నీకు పట్టుడు వస్తదన్నట్టు" అంది.

కోపంగా అనలేదు. అని, మందును దొప్పలో పోసి పక్కకు జరిగింది. కాసేపటికి ఒక కాకి దిగి, కోడిముక్క ఎత్తుకుపోయింది. మందు వైపు చూడనైనా లేదు. "ముట్టింది, ముట్టింది" అంటూ అందరూ భోజనాలకు లేచారు. నేను మిగిలిన పదకొండు సీసాల సంచి మూతి కట్టి డ్యూటీకి పోయాను.

స్టేషన్లో సీసా ఒకటి తగ్గిందేమని అడిగితే, దారిలో పగిలిందని చెప్పి మెమో తీసుకున్నాను. ఇప్పుడు నెత్తి పలచబడింది, హెడ్డునయ్యాను. ఆ కొత్త సారు గుర్తొస్తే నవ్వొస్తుంది, వెంటనే సిగ్గూ వేస్తుంది. కాకి కోసం చట్టాన్ని తెంపినవాడు మనిషి కోసం దాన్ని వాడలేదు. ఆ పొద్దున సోడామామ కొట్టు సోదా చేయడానికి పట్టింది పట్టుమని పది నిమిషాలు. అదేదో ఒక ఏడాది ముందు చేసి ఉంటే, మందు దొరక్క పెద్దబాపు నన్ను ఊరంతా వినేలా తిట్టేవాడు. ఆ తిట్లు తినాలని నాకు ఇప్పటికీ ఉంది.