సంతకానికి ముందు రాజయ్య అడిగిన మాట

1991 వేసవిలో నేను సౌదీలోని దమ్మామ్‌లో ఒక కోల్డ్ స్టోరేజీ కంపెనీలో మెయింటెనెన్స్ ఇంజనీరుగా ఉన్నాను. యుద్ధం అయిపోయింది గానీ, కువైట్‌లో నూనె బావులు ఇంకా మండుతూనే ఉన్నాయి. గాలి మా వైపు తిరిగిన రోజున మధ్యాహ్నమే లైట్లు వేసుకునేవాళ్ళం. ఆరేసిన చొక్కాల మీద మసి పడేది.

యుద్ధానికి ముందే ఇంగ్లండు ఇంజనీర్లు సర్దుకుని వెళ్ళిపోయారు. వాళ్ళు రాసే బ్రేక్‌డౌన్ రిపోర్టులు నా నెత్తిన పడ్డాయి. యంత్రం ఎందుకు ఆగిందో, బాధ్యులెవరో రాసే కాగితం అది. నేనా, పదో తరగతి దాకా అమలాపురంలో తెలుగు మీడియం! పనంటే భయం లేదు, ఇంగ్లీషు రాయాలంటేనే చెమటలు పట్టేవి. డిక్షనరీ బట్టీ పట్టి చూశాను, ఒక్క మాటా నిలవలేదు. అప్పుడు పాత రిపోర్టుల ఫైళ్ళు దించాను. బరువైన మాట కనబడితే, అది ఉన్న వాక్యం మొత్తాన్ని నోటుబుక్కులోకి ఎక్కించేవాణ్ణి. అలా నేర్చిన మాట చచ్చినా మరిచిపోం. ఆరు నెలల్లో నా రిపోర్టులు నాకే ముద్దొచ్చేవి.

ఒక మంగళవారం మూడో నంబరు జనరేటరు వేడెక్కి ఆగిపోయింది. ఒక గదిలో చేపలన్నీ పాడయ్యాయి. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయిందని ఫోర్‌మన్ చెప్పాడు. ఫిల్టర్లు చూసుకునేది జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఫిట్టరు రాజయ్య. నేను సీటు కదలకుండా నోటుబుక్కు తిరగేశాను. "గ్రాస్ నెగ్లిజెన్స్" అన్న మాటున్న వాక్యం ఒకటి ఎప్పటినుంచో వాడాలని ఉబలాటం. దాన్ని దించేసి, పేరు మాత్రం మార్చాను.

రిపోర్టు చీఫ్ ఇంజనీరు ఉస్మాన్ సాబ్ సంతకంతో ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ ఆఫీసుకు పోతుంది. ఆయన సూడాన్ మనిషి. ఆయన సంతకానికి ముందే, "చదివి అర్థం చేసుకున్నాను" అన్న లైను కింద ఫిట్టరు సంతకం ఉండాలి. అందరూ చూపించిన చోట గీకేసి పోయేవారు. రాజయ్య పెన్ను పట్టుకుని ఆగాడు.

"సారూ, జర సదివి చెప్పుండ్రి. ఏం రాసిండ్రు?"

"ఫిట్టరు రాజయ్య ఘోరమైన నిర్లక్ష్యం వల్ల..." అని మొదలుపెట్టాను. ఇంగ్లీషులో అంత దర్జాగా కనబడ్డ వాక్యాన్ని తెలుగులో ఆ మనిషి మొహం మీద అనలేకపోయాను.

"నిర్లక్ష్యమా? నేనా సారూ?" పెన్ను బల్ల మీద పెట్టేశాడు. "జుమ్మా నాడు సుట్టి ఉన్నా వచ్చి సాఫ్ జేసిన. సుద్దముక్కతోని తారీకు సుత ఏసిన, వచ్చి సూడుండ్రి. గీ కాయిదం పోతే నాకు ఖురూజ్ కొడ్తరు గదా. ఇల్లు సగంల ఆగి ఉన్నది."

ఖురూజ్ అంటే దేశం విడిచి పొమ్మని పాస్‌పోర్టులో కొట్టే ముద్ర. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. నేను జనరేటరు దగ్గరికి వెళ్ళి చూడనైనా లేదు!

ఇద్దరం వెళ్ళాం. ఫిల్టరు డబ్బా మీద శుక్రవారం తారీకు ఉంది. పక్క జనరేటరు ఫిల్టరు కూడా విప్పి చూపించాడు. అదే రోజు తుడిచినదే, నాలుగు రోజులకే మసి గడ్డకట్టి ఉంది. షెడ్యూలు ప్రకారం నెలకోసారి తుడిస్తే చాలు. రాజయ్య ఎవరూ చెప్పకుండానే వారం వారం తుడుస్తున్నాడు.

ఉస్మాన్ సాబ్ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాను. ఆయన తిట్టలేదు. ఏం జరిగిందో నాకొచ్చిన చిన్న ఇంగ్లీషు మాటల్లో చెప్పమన్నారు. రాజయ్య శుక్రవారం తుడిచాడని, మంగళవారానికే పొగ మసి మూసేసిందని చెప్పాను. అదే రాయమన్నారు. రాశాక ఒక్క మాట మాత్రం తన చేత్తో చేర్చారు: "అన్‌ఫోర్సీన్". ముందుగా ఊహించలేనిది అని అర్థం. ఫిల్టర్లు రెండు రోజులకోసారి తుడవాలని షెడ్యూలు కూడా మార్చారు.

కొత్త కాగితం రాజయ్యకు తెలుగులో చదివి వినిపించాను.

"గిప్పుడు సరిగ్గున్నది సారూ" అని సంతకం పెట్టాడు. నా మీద కోపం పెట్టుకోలేదు, అది అతని మంచితనం. ఇంకో తొమ్మిదేళ్ళు అక్కడే పనిచేసి, ఇల్లు పూర్తిచేసుకునే వెళ్ళాడు.

నాకు ఇంగ్లీషు నేర్పినవారు ఇద్దరు. ఒకరు ఉస్మాన్ సాబ్, ఇంకొకరు ఇంగ్లీషు రాని రాజయ్య. ఇద్దరికీ రుణపడి ఉన్నాను. మాటను వాక్యంలో చూసి నేర్చుకోవడం మంచి పద్ధతే. ఆ వాక్యం ఎవరి మీద పడుతుందో కూడా చూడాలని నాకప్పటిదాకా తెలియదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, మనిషి పేరున్న ఏ రిపోర్టునైనా ముందు ఆ మనిషికే, అతనికొచ్చిన భాషలో చదివి వినిపించాను. వినిపించడానికి నోరు రాకపోతే చింపేశాను.